కొండలు పచ్చబడ్డాయని పటం చెబుతోంది, నమ్మవచ్చా?

మెట్టపొలం

మా వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పటం తిరుగుతోంది. ఒంగోలు పడమర నుంచి పొదిలి, కనిగిరి, ఉదయగిరి దాకా ఉన్న కొండలకు "ఆవాస నాణ్యత", అంటే అడవి జీవాలు బతకడానికి ఆ చోటు ఎంత అనువో, లెక్కగట్టి రంగులు వేశారు. ఎడమవైపు 2005, కుడివైపు 2023. పట్టణాలు ఎర్రగా ఉబ్బాయి కానీ కొండలు మునుపటికంటే పచ్చబడ్డాయని కింద ఒక వాక్యం. ఎవరు చేశారో పేరు లేదు. మా పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన దాన్ని రోజూ పొద్దున్నే పెట్టి, "క్వారీల మీద గోల చేసేవాళ్లు కళ్లు తెరిచి చూడండి" అంటున్నాడు.

మా గుట్ట సంగతి చెబుతాను. పైన గుండు అలాగే ఉంది, నిజమే. కానీ కింద చుట్టూ ఉండే తుప్పల్లో సగం మట్టి తవ్వుకున్న గోతులు, మిగతా సగం తోటలు, లేఔట్లు. కుందేలు కనిపించి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఈ పటాలు అసలు ఎలా వేస్తారు? తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పండి, ఆయనకు జవాబు ఇవ్వాలి.

కందుకూరు_కాకి

జవాబు ఇచ్చినా ఆయన మారడు. మీరు గ్రూపు మారండి.

పటాలపిచ్చి

ముందు ఒక ప్రశ్న. రెండు చిత్రాలు ఏ నెలలో తీసినవో పటం మీద ఉందా? మనకు వాన ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిస్తే, జనవరిలో ఏ గుట్ట చూసినా కళకళలాడుతుంది. అదే గుట్ట మే నెలలో ఆకు రాల్చి బూడిదరంగులో ఉంటుంది. ఎడమవైపు మే, కుడివైపు జనవరి పెడితే ఎవరి కొండనైనా పచ్చగా మార్చవచ్చు.

మెట్టపొలం

నెల లేదు. సంవత్సరాలు మాత్రమే ఉన్నాయి.

పటాలపిచ్చి

అయితే సగం జవాబు అక్కడే ఉంది. మిగతా సగం ఈ లెక్క కట్టే తీరులో ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

ఇలాంటి పటాలకు ఎక్కువమంది వాడేది ఇన్వెస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే బృందం తయారు చేసింది. నేలను గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఉన్నది అడవా, తుప్పలా, పొలమా, తోటా, చెరువా, ఊరా, గనా అని ఉపగ్రహ చిత్రం చూసి రాస్తారు. ఒక్కో రకానికి సున్నా నుంచి ఒకటి దాకా మార్కు ఇస్తారు. ఆ తర్వాత బెడదల పట్టిక. ఊరు, రోడ్డు, గని, సాగు ఒక్కోదానికీ ఎంత బరువు, ఎంత దూరం దాకా దాని చెడు పాకుతుంది, దూరం పెరిగేకొద్దీ ఎలా తగ్గుతుంది అని రాయాలి. ఏ నేల ఏ బెడదకు ఎంత సున్నితమో ఇంకో పట్టిక. అన్నీ కలిపి నూరితే గడికి ఒక అంకె వస్తుంది.

కంప్యూటర్ చేసే గుణకారంలో పొరపాటు ఉండదు. మార్కులు ఇచ్చేది మాత్రం మనిషి. తుప్పల నేలకు ఎంత ఇచ్చారన్నది మన జిల్లాలకు ప్రాణం. హైదరాబాదు జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారు చేసే బంజరు భూముల అట్లాసులో తుప్పలున్న నేల కూడా బంజరు ఖాతాలోనే వస్తుంది. అది చూసి ఎవరైనా తుప్పలకు 0.2, మామిడి తోటకు 0.5 వేశారనుకోండి. తుప్పలు దున్ని మామిడి పెట్టిన ప్రతిచోటా నాణ్యత పెరిగినట్టే వస్తుంది. జామాయిల్, సుబాబుల్ తోటలను ఉపగ్రహం అడవిగా చదివితే ఇక చెప్పనక్కర్లేదు, పులి ఒక్కటే తక్కువ.

మీ పెద్దమనిషిని ఆ పట్టిక అడగండి. పటం కాదు, పట్టిక.

జామాయిల్_రైతు

మళ్లీ మా మీదకే వచ్చారు. పొగాకు వేస్తే ధర ఉండదు, కంది వేస్తే వాన ఉండదు, కూలికి మనుషులు దొరకరు. జామాయిల్ వేస్తే నాలుగైదేళ్లకు ఒకసారి కోత, కాగితం మిల్లు వాళ్లు కొంటారు, అడవిపందులు ముట్టవు. కుందేళ్ల కోసం నా పట్టా భూమిని ముళ్లకంపకు వదిలేయాలా?

పటాలపిచ్చి

వేసుకోండి, ఎవరు వద్దన్నారు? దాన్ని అడవి ఖాతాలో రాయవద్దంటున్నాను. జామాయిల్ కింద గడ్డి సరిగా మొలవదు, రేగు ఉండదు, పుట్టలు దున్నేస్తారు. ఎలుగుబంటికి అందులో తినడానికి ఏముంది?

ఉదయగిరి_గరిటె

ఎలుగుబంటి పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మా దుర్గం కొండ మీద గుహలకు, బండ సందులకు కొదవలేదు. పగలంతా అక్కడ పడుకుని చీకటి పడ్డాక దిగుతాయి. దిగేది చెదపుట్టల కోసం, రేగు, తునికి, పరికి పళ్ల కోసం. అవన్నీ ఉండేది కొండ అంచునే. కొండకు అంచు తుప్పలు ఇంటికి వంటగది వంటివి. పైన పడకగది భద్రంగా ఉంచి కింద వంటగది పడగొడితే, ఆ ఇంట్లో ఎవరుంటారు? అందుకే మామిడి తోటల్లోకీ, పనస కోసం ఊళ్లలోకీ వస్తున్నాయి. వచ్చిన ప్రతిసారీ "ఎలుగుల బెడద" అని పేపర్లో పడుతుంది.

ఇంకొకటి. మా ఊరి చెక్క గరిటెలు, చెంచాలు మీలో చాలామంది ఇళ్లలో ఉండే ఉంటాయి. వాటికి వాడేది నర్ది, బిక్కి, కలివి లాంటి కర్ర. ఇవేవీ ఆకాశాన్ని తాకే మానులు కావు, తుప్పల అడవిలో పెరిగే చిన్న చెట్లే. కర్ర కోసం ఇప్పుడు మరింత లోపలికి పోవాల్సి వస్తోందని చేసేవాళ్లు అంటారు. మీ పట్టికలో 0.2 వచ్చిన నేల మా ఊళ్లో కొన్ని కుటుంబాలకు అన్నం పెడుతోంది.

పక్షిగూడు

గరిటె గారు కలివి అన్నారు, నేను కలివికోడి అంటాను. నెల్లూరు వాళ్లకు ఇది తెలియకపోతే అన్యాయం. 1840ల్లో జెర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడు నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. వైద్యం ఎంత చేశాడో కానీ పక్షుల మీద పుస్తకాలు రాశాడు. ఆయన మొదటిసారి లోకానికి చెప్పిన పక్షి ఈ కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందని రాసేశారు. 1986లో కడప జిల్లా లంకమల తుప్పల్లో, స్థానికుడొకరి సాయంతో రాత్రిపూట మళ్లీ దొరికింది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పెన్నా, గోదావరి లోయల పాత రికార్డులు, ఈ లంకమల, అంతే.

దానికి కావలసింది దట్టమైన అడవి కాదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. మరీ దట్టమైతే ఉండదు, మరీ బోడైనా ఉండదు. పటంలో "అడవి పెరిగింది" అని పచ్చ రంగు పడిన గడి దానికి పనికిరాని గడి కావచ్చు. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ తుప్పల్లోకి వచ్చినప్పుడు పెద్ద రభసై కాలువ దారి మార్చారు. ఒక తుప్ప కోసం కాలువ వంగింది మన రాష్ట్రంలోనే.

కందుకూరు_కాకి

మాకు ఒక లేఔట్ గోడ కూడా వంగలేదు. మా వైపూ ఒక కలివికోడిని పంపించండి.

నెల్లూరు_మొలగొలుకులు

లేఔట్ అంటే గుర్తొచ్చింది. మొన్న ఒక వెంచర్ కరపత్రం ఇచ్చారు. "తూర్పు వాకిలి, వెనక కొండ, స్వచ్ఛమైన గాలి". ఆ వెనక కొండనుంచే ఆ వెంచర్‌కు మట్టి తోలుతున్నారు. రిజిస్ట్రేషన్ అయ్యేలోపు కొండ ఉంటుందా అని అడిగితే ఏజెంటు నవ్వి, "ఉండకపోతే అదీ ప్లాట్లే సార్, ముందుగా మీకే చెబుతాం" అన్నాడు.

టిప్పరు_ఓనరు

అందరూ మట్టి తోలేవాళ్లను దొంగలుగా చూస్తారు. ఒంగోలు చుట్టూ ఉన్నది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద గ్రావెల్ పోయకుండా ఇల్లు కట్టి చూడండి, రెండో వేసవికి గోడలో చెయ్యి పట్టేంత పగులు వస్తుంది. నెల్లూరులో మాగాణి మీద లేఔట్లు వేస్తున్నారు, అక్కడ మెరక చేయకపోతే నవంబరులో మంచం మీద వంట చేసుకోవాలి. 2015లో, 2021లో చూశాం కదా. గ్రావెల్ కావాలని అడిగేది మీరు. నేను ఆర్డరు ఉంటేనే బండి తీస్తాను.

సివిల్_లెక్కలు

టిప్పరు గారు చెప్పింది అక్షరాలా నిజం. అసలు చిక్కు కూడా అదే. లెక్క వేసి చూపిస్తాను.

ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. మూడడుగులు లేపాలంటే 1,30,680 ఘనపుటడుగులు. మన టిప్పర్ల భాషలో వంద ఘనపుటడుగులు ఒక యూనిట్టు, అంటే 1,300 యూనిట్లకు పైమాట. ఆరు యూనిట్లు పట్టే బండి అనుకుంటే ఎకరానికి రెండు వందలకు మించి ట్రిప్పులు. రోలరు తొక్కితే మట్టి దిగుతుంది, ఆ దిగుడుకు ఇంకొంత. ఇది ఒక్క ఎకరం. పాతికెకరాల వెంచర్‌కు మీరే గుణించుకోండి. ఆపైన రోడ్లకు కంకర, స్లాబుకు కంకర, ఇసుక దొరకనప్పుడు రాతిపొడి.

పట్టణం విస్తరిస్తే కొండకు దగ్గరగా వచ్చిందా లేదా అని మాత్రమే పటాలు చూస్తాయి. ఒంగోలు ఏ పెద్ద కొండనూ ఎక్కలేదు. కొండలే టిప్పర్లెక్కి ఒంగోలుకు దిగొచ్చాయి. ముప్పై కిలోమీటర్ల అవతల గుట్టకు గొయ్యి పడితే, ఆ గొయ్యి ఏ ప్లాటుదో ఏ సాఫ్ట్‌వేరూ కలపదు.

పటాలపిచ్చి

కరెక్టు. బెడద ప్రభావం పాకే దూరం అంటే శబ్దం, వెలుతురు, కుక్కలు, మనుషుల రాకపోకలు. సరకు ప్రయాణం అందులో లేదు. గడి కొలత సంగతి కూడా ఉంది. లాండ్‌శాట్ అనే ఉపగ్రహం చిత్రాల్లో గడి 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్లు, మన లెక్కలో 22 సెంట్లు. గుట్ట వాలులో పది సెంట్ల గొయ్యి ఆ గడిలో కలిసిపోతుంది, చుట్టూ సర్కారు తుమ్మ ఉంటే గడి మొత్తం పచ్చే. 2015 నుంచి వస్తున్న సెంటినెల్ చిత్రాల్లో గడి 10 మీటర్లు, రెండున్నర సెంట్లకు దగ్గర. అందులో గోతులు బాగా కనిపిస్తాయి. కానీ 2005తో పోల్చాలంటే పాత చిత్రాలే దిక్కు.

రామాయపట్నం_అలలు

పట్టణమే కాదు, ఓడరేవు కూడా కలపండి. 2022లో మా దగ్గర పనులు మొదలయ్యాక అలలను ఆపే గోడకు పోసిన రాయి చూస్తే, ఇంత రాయి ఎక్కడినుంచి వస్తోందా అని కళ్లు తిరిగాయి. కొండలు సముద్రానికి చేరడం మా ఊళ్లో చూశాం.

కనిగిరి_కోడలు

అందరూ పక్షి, ఎలుగు, పటం అంటున్నారు. మేకల సంగతి ఎవరూ అడగలేదు. మా అత్తగారింట్లో మేకలు, గొర్రెలు ఉన్నాయి. మామగారు పొద్దున తోలుకుపోయి గుట్ట చుట్టూ తిప్పుకొచ్చేవారు. బలుసాకు, రేగాకు, ఊడుగ కాయ, ఎండాకాలం వస్తే తుమ్మకాయ. ఇప్పుడు ఒకవైపు క్వారీ వాళ్ల కంచె, ఒకవైపు తోటల కంచె, మూడోవైపు ప్లాట్ల రాళ్లు. మిగిలిన ఒక్క పక్కనే మూడు ఊళ్ల మందలు పడితే అక్కడ ఆకు నిలుస్తుందా? చూసిన అధికారి "మేకల వల్ల అడవి పోతోంది" అని రాసుకుపోతాడు.

నేలను చూసేవాడు లేని చోట మేకే దొంగ.

మెట్టపొలం

మా ఊళ్లో కూడా ఇదే. ఉన్న మేతంతా ఒక మూలకు చేరింది. అది కరిగిపోతే మేక మీదకు తోస్తారు.

పక్షిగూడు

కోడలు గారి మాట ముఖ్యం. మితంగా మేసిన తుప్పలో ఖాళీలు మిగులుతాయి, కలివికోడి లాంటివాటికి అదే అనుకూలం. మొత్తం కంచె వేసేస్తే సర్కారు తుమ్మ దట్టంగా కమ్ముతుంది. మేపు మితిమీరితే బోడి. ఆ మధ్యస్థం ఉండాలంటే మేతకు జాగా ఉండాలి.

జామాయిల్_రైతు

సర్కారు తుమ్మను తిట్టవద్దు. మా మండలంలో బొగ్గు బట్టీల మీద బతికేవాళ్లు ఉన్నారు.

కందుకూరు_కాకి

ఈ చర్చలో ఏ చెట్టును తిట్టినా ఒక సభ్యుడు లేస్తున్నాడు. వేపను తిట్టి చూస్తాను.

వంటింటి_వేప

తిట్టి చూడండి.

గుండ్లకమ్మ_గట్టు

పెద్ద కొండల సంగతి కూడా రావాలి కదా. నేను కంభం వైపు మనిషిని. మాకు నల్లమల ఉంది, పులుల అభయారణ్యం ఉంది, నిఘా ఉంది. అందుకని లోపలి అడవి ఇప్పటికీ అడవిలానే ఉంది. మా భయం మధ్యలో తెగిపోతుందని. నల్లమల నుంచి వెలిగొండలు, లంకమల మీదుగా శేషాచలం దాకా పులి నడిచే దారి అని అటవీ శాఖ వాళ్లే చెబుతారు. ఆ దారికి అడ్డంగా గిద్దలూరు–నంద్యాల రోడ్డు, గుంటూరు–గుంతకల్లు రైలు ఉన్నాయి. ఆ రైలు లైనుకు ఇప్పుడు డబ్లింగ్. పెన్నా లోయలో పొలాలు, ఊళ్లు. ఒక్కోటి చిన్నదే. రాత్రి రోడ్డు పక్కన వరసగా ధాబాల లైట్లు వెలుగుతుంటే పులి దాటుతుందా, వెనక్కి తిరుగుతుందా అన్నది ఏ 0.2, 0.5 లోనూ తేలదు.

మంచి ఉదాహరణ కూడా చెప్పాలి. మాకు కృష్ణా నీళ్లు తేవడానికి తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు ఒక్కోటి 18.8 కిలోమీటర్లు. పైన పులుల అడవి కాబట్టి నడుమ ఎక్కడా పైనుంచి గోతులు తవ్వకుండా కొస నుంచే తొలిచారు, చాలా భాగం యంత్రంతో. ఏళ్లు పట్టింది, మా ఓపిక పోయింది, కానీ పైన అడవి చెక్కు చెదరలేదు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలు కట్టలతో మూసి నీళ్లు నిలిపితే మాత్రం కొండ అంచు మునుగుతుంది. మునిగే ఊళ్లకు కొత్త కాలనీలు ఇంకెక్కడో లేస్తాయి. నీళ్లు వద్దనే మనిషిని నేను కాదు, మార్కాపురం వాడిని అడిగితే కొడతాడు. పటం వేసేవాళ్లు ఆ కాలనీలనూ, రేపు నీళ్లొచ్చాక దున్నబోయే మెట్టనూ కూడా కలిపి చూడాలని నా మాట.

మార్కాపురం_పలక

కొడతాను. ముందు నీళ్లు ఇవ్వండి, పులి గురించి తర్వాత మాట్లాడదాం.

గుండ్లకమ్మ_గట్టు

చూశారా.

పంచాయతీ_గుమాస్తా

నేను రికార్డుల వైపు నుంచి రాస్తాను. అభయారణ్యాలకూ, జాతీయ పార్కులకూ చట్టం కంచె ఉంది. వాటి లోపలా, సరిహద్దు నుంచి ఒక కిలోమీటరు దాకా గనులు కూడదని సుప్రీంకోర్టు చెప్పింది. నెల్లూరు పడమర పెనుశిల నరసింహ అభయారణ్యానికి ఆ రక్షణ వర్తిస్తుంది. కానీ మీరంతా చెబుతున్న గుట్టలు రెవెన్యూ రికార్డులో ఏమని ఉంటాయి? కొండ పొరంబోకు, గయాళు, అనాధీనం, అంటే ఎవరి పట్టాలోనూ లేని సర్కారు నేల. కొన్నిచోట్ల గుట్ట కింద పేదలకు సర్కారు డీకేటీ పట్టాలు ఇచ్చింది, కొన్ని సర్వే నంబర్ల ఎదుట యజమాని పేరు ఉండాల్సిన చోట చుక్కలున్నాయి. అవి అడవి కాదు, ఊరిది కాదు, ఎవరు ముందుగా పొక్లెయిన్ తెస్తే వాళ్లది.

చిన్న లీజులకు పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2012 దాకా తప్పించుకునేవారు. ఐదు హెక్టార్ల లోపైనా అనుమతి ఉండాలని ఆ ఏడు సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో తేల్చింది. కాగితం మీద అది బలమైన తీర్పు. మా దగ్గరకు వచ్చేసరికి "చెరువు పూడిక మట్టి" అని పర్మిట్ రాయించి గుట్ట మట్టి తోలుతారు. రంగు చూస్తే పిల్లవాడికైనా తెలుస్తుంది, పూడిక నల్లగా ఉంటుంది, గుట్ట మట్టి ఎర్రగా ఉంటుంది. పర్మిట్ కాగితానికి రంగు కనిపించదు.

టిప్పరు_ఓనరు

ఆ మాట నేను కాదనను. పూడిక మట్టితో మెరక చేస్తే ఇల్లు నిలవదని కూడా రాయండి.

నెల్లూరు_మొలగొలుకులు

కోతుల గురించి ఎవరూ రాయలేదు, ఆశ్చర్యం. మా వీధిలో వాటర్ ట్యాంకు మూతలు కూడా తీస్తున్నాయి.

మెట్టపొలం

కోతులు మొదలుపెడితే చర్చ నూరు పోస్టులు దాటుతుంది.

ఉదయగిరి_గరిటె

కోతులు వేరే కాదు, ఇదే కథ. గుట్ట కింద పళ్ల చెట్లు పోయాయి, పెంచలకోన లాంటి చోట యాత్రికులు అరటిపళ్లు, చిప్స్ పొట్లాలు విసురుతారు. కష్టపడి రేగు ముళ్లలో చెయ్యి పెట్టాలని ఏ కోతికుంటుంది? ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు: చెత్త. ఊరి చెత్త గుట్ట పక్క వాగులో పోస్తారు. చెత్తకు కుక్కలు చేరతాయి. రాత్రికి ఆ కుక్కలు గుంపుగా తుప్పల్లోకి పోయి కుందేలు, ఉడుము, నెమలి పిల్ల ఏది దొరికితే అది. కుక్కల కోసం చిరుత దిగుతుంది. మరునాడు చిరుత ఊళ్లోకి వచ్చిందని ఫొటో. మెట్టపొలం గారి కుందేళ్లు క్వారీ వల్లే పోలేదేమో, ఒకసారి చెత్తకుప్ప ఎక్కడుందో చూడండి.

మెట్టపొలం

చెత్త పోసేది సరిగ్గా గుట్ట మొదట్లోనే, పాత క్వారీ గోతిలో. గొయ్యి ఉంది కదా అని పంచాయతీ బండి అక్కడే దించుతుంది.

సివిల్_లెక్కలు

తిట్టుకోవడం అయింది కాబట్టి ఒక పని మాట. మెరకకు గుట్ట మట్టే ఎందుకు? చీమకుర్తి వెళ్లి చూడండి. బంగారు చుక్కలున్న నల్ల గ్రానైటు, గెలాక్సీ అని ప్రపంచమంతా కొంటుంది. మచ్చ లేని దిమ్మె మాత్రమే బయటకు పోతుంది. మిగిలిన రాయి గుట్టలుగా పోసి ఉంది, రోడ్డు మీదనుంచి చూస్తే కొండల వరస అనుకుంటారు. ఒంగోలుకు ఇరవై కిలోమీటర్ల చిల్లర. ఆ డంపు రాయిని క్రషర్‌లో వేసి, కంకరకూ మెరకకూ వాడితే కొత్త గుట్ట ముట్టనక్కర్లేదు. నెల్లూరు వైపు నేలటూరు థర్మల్ బూడిద ఉంది. రోడ్డు కట్టలకు, పల్లం పూడ్చడానికి బూడిద వాడాలని కేంద్రం నిబంధన కూడా ఉంది.

నెల్లూరు_మొలగొలుకులు

బూడిద మీద ఇల్లు కట్టుకోమంటారా? ఎండాకాలం గాలికి ఆ బండ్ల వెనక వెళ్లి చూడండి, అన్నంలో కూడా అదే.

సివిల్_లెక్కలు

బండి మీద టార్పాలిన్ కప్పకపోవడం వల్ల అది. లేఔట్ రోడ్ల కింద పొరగా వేసి, పైన అడుగు మట్టి కప్పితే ఎగరదు. భూగర్భ జలం పైకి ఉన్న చోట మాత్రం వద్దు, అందులోని లోహాలు నీళ్లలోకి దిగుతాయి. నెల్లూరు మాగాణిలో చాలాచోట్ల నీళ్లు పైకే ఉంటాయి కాబట్టి మీ అభ్యంతరంలో న్యాయం ఉంది. డంపు రాయికి ఆ చిక్కు లేదు.

టిప్పరు_ఓనరు

డంపు రాయి సంగతి నేను చెబుతాను, తోలిన అనుభవం ఉంది. ఒకటి, అది మెత్తటి మట్టి కాదు, మంచాలంత బండలు. బ్రేకరు పెట్టి కొట్టాలి, తర్వాత క్రషర్. డీజిలు ఎవరిస్తారు? రెండు, పారేసిన రాయి అయినా గని శాఖకు సీనరేజి రుసుము కట్టాలి, పర్మిట్ కావాలి. గుట్ట మట్టికి రాత్రిపూట అవేవీ ఉండవు. దొంగ మట్టి చౌకగా దొరికినంత కాలం డంపు రాయి ఎవరూ కొనరు. కొనుక్కునే వెంచర్ వాళ్లు ట్రిప్పుకు ఎంత అని అడుగుతారు కానీ, ఎక్కడిది అని ఇంతవరకు ఒక్కరూ నన్ను అడగలేదు.

పంచాయతీ_గుమాస్తా

మీరు రాసిన రెండో కారణం మార్చగలిగింది. లేఔట్ అనుమతి ఇచ్చేటప్పుడే మెరక మట్టి ఎక్కడినుంచి తెచ్చారో పర్మిట్ నకళ్లు జతచేయాలని షరతు పెడితే చాలు. ప్లాను, రోడ్ల వెడల్పు అన్నీ అడుగుతున్నారు, మట్టి ఒక్కటే అడగడం లేదు.

జామాయిల్_రైతు

ఇది నాకూ నచ్చింది. తోటలను తిట్టకుండా ఒక పోస్టు వచ్చింది.

మోడరేటర్

కోతులు, చెట్ల అభిమాన సంఘాల పోస్టులు కొన్ని వేరే చర్చకు మార్చాను. వేపను తిట్టిన పోస్టు తొలగించాను.

కందుకూరు_కాకి

అది ప్రయోగం.

మెట్టపొలం

పెద్దమనిషికి జవాబు పెట్టాను. పటం ఏ నెలది, తుప్పలకు ఎంత మార్కు, తోటలను ఏ ఖాతాలో రాశారు అని మూడు ప్రశ్నలు. "పట్టిక నా దగ్గర లేదు, పైనుంచి వచ్చింది" అన్నాడు. పైన అంటే ఎవరని అడిగితే ఇంకా నీలి టిక్కులే.

పటాలపిచ్చి గారూ, మా గుట్ట ఒక్కదానికైనా మే నెల చిత్రాలే తీసుకుని, తుప్పలకు సరైన మార్కు ఇచ్చి పటం వేయగలరా? సర్వే నంబర్లు గుమాస్తా గారికి పంపుతాను.

పటాలపిచ్చి

వేస్తాను. కానీ మార్కు నేను ఇవ్వను. కనిగిరి కోడలు గారి మామగారినీ, గరిటె గారి ఊళ్లో కర్ర తెచ్చేవాళ్లనూ అడిగి, ఏ తుప్పలో ఏముందో, ఏది ఎప్పుడు పోయిందో రాసి పంపండి. పాత క్వారీ గోతులు, చెత్త దించే చోటు, కంచెలు ఎక్కడ మొదలయ్యాయో కూడా కావాలి. ఫోనులో ఆ చోటు నిలబడి గుర్తు పెడితే చాలు.

కనిగిరి_కోడలు

మామగారికి ఫోను రాదు. మేకల వెనక మా చిన్నవాడిని పంపిస్తాను, ఆదివారం వాడికి బడి లేదు. రేగు పళ్లు ఎక్కడున్నాయో వాడికి ఆయనకంటే బాగా తెలుసు.

టిప్పరు_ఓనరు

గోతుల జాబితా నేను ఇస్తాను. పేరు మాత్రం రాయకండి.